తోబియా వెంట నడిచిన కుక్క



అరకు లోయకు వచ్చే యాత్రికులు కొండలను చూస్తారు, కాఫీ తోటలను చూస్తారు, మంచును చూసి మురిసిపోతారు. ఇక్కడే ఉండే మాకు వాటితోపాటు మరొకటి కూడా కనబడుతుంది. రైలు స్టేషను దగ్గర, బొంగులో చికెన్ అమ్మే దుకాణాల ముందు, ఎముకల కోసం కాచుకుని కూర్చునే కుక్కలు. వాటిని ఎవరూ పెంచరు. అలాగని ఊరు దాటేదాకా తరిమేవారూ లేరు. యాత్రికులు వచ్చిన రోజున వాటికి పండుగ, రాని రోజున ఉపవాసం. పైన కొండ ఊళ్లలో కుక్క బ్రతుకు వేరు. అక్కడది పోడు చేనుకు కాపలా, అడవి దారిలో తోడు, రాత్రివేళ గుమ్మం దగ్గర మేలుకుని ఉండే చెవి.

ఈ వారం ఒక కుక్కను గురించి, ఒక సైనికుణ్ణి గురించి, వారిద్దరి విషయంలో నేను చేసిన ఒక తప్పును గురించి మీతో చెప్పుకోవాలి. అందులోనుంచి పుట్టిన ప్రశ్న చిన్నది కాదు.

మా విచారణ ఊళ్లలో ఒకదానిలో సైన్యం నుంచి పదవీ విరమణ చేసి వచ్చిన ఒక జవాను ఉన్నాడు. కాశ్మీరులో పనిచేసి వచ్చాడు. శరీరానికి ఏ లోపమూ కనిపించదు. కాని ఆదివారం పూజకు వస్తే లోపలికి రాడు. గోడకు వీపు ఆనించి, గుమ్మం పక్కనే నిలబడతాడు. పండుగకు టపాకాయలు కాలిస్తే ఇంటి మూలకు చేరి చెవులు మూసుకుంటాడు. అతని వెంట ఎప్పుడూ ఒక మట్టిరంగు ఊరకుక్క. ఒక ఆదివారం ఆ కుక్క గుమ్మం లోపలికి వచ్చి పడుకుంది. నేను ఉపదేశి వైపు చూశాను, ఆయన కర్ర తీశాడు. కుక్క బయటికి పోయింది. దాని వెనుకే జవాను కూడా పోయాడు. మరి నాలుగు ఆదివారాలు రాలేదు.

ఐదవ వారం వాళ్ల ఇంటికి వెళ్లాను. అతని భార్య మంచినీళ్లిచ్చి, తలవంచుకుని చెప్పింది: "రాత్రిళ్లు కేకలేసి లేస్తాడు ఫాదరు గోరూ. ఆ యేళ మాకు దగ్గరికెళ్లాలంటే బయం. ఆ కుక్కొక్కతే ఎల్తాది. ఎల్లి సేతి మీద మూతెడతాది. అప్పుడు మనిసవుతాడు."

అప్పుడు మనిసవుతాడు! సెమినరీలో ఏళ్ల తరబడి తత్వశాస్త్రం చదివాను. మనిషి అంటే ఎవరు అన్న దానికి ఎన్నో నిర్వచనాలు కంఠస్థం చేశాను. ఆ తల్లి చెప్పిన మాట వాటిలో ఎక్కడా లేదు.

ఆ కుక్కకు ఎవరూ ఏమీ నేర్పలేదు. కాని అది చేసే పనిని ఒక విద్యగా నేర్పే చోట్లు ప్రపంచంలో ఉన్నాయి. వాటి చరిత్ర కూడా యుద్ధంతోనే మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు వల్ల, ఫిరంగి గుండ్ల వల్ల వేలమంది సైనికులు చూపు పోగొట్టుకున్నారు. వారికోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బుర్గ్‌లో గెర్హార్డ్ స్టాలింగ్ అనే డాక్టరు కుక్కలకు దారి చూపడం నేర్పే బడి పెట్టాడు. 1929లో అమెరికాలో అటువంటిదే 'సీయింగ్ ఐ' అనే సంస్థ వెలిసింది. గుడ్డివారికి కుక్క కన్ను అయింది.

తర్వాతి యుద్ధాలలో కంటికి కనిపించని గాయాల లెక్క పెరిగింది. నిద్రలో పాత పేలుడు మళ్లీ వినబడడం, జనంలో నిలవలేకపోవడం, అకారణంగా కోపం, బ్రతకడం ఎందుకన్న నిరాశ. డాక్టర్లు దీనిని పి.టి.ఎస్.డి. అంటారు. ఇరాక్ నుంచి ఈ బాధతో తిరిగివచ్చిన కొడుకును చూసి షారీ డువాల్ అనే తల్లి 2011లో ఫ్లోరిడాలో 'కె నైన్స్ ఫర్ వారియర్స్' అనే సంస్థను ప్రారంభించింది. అక్కడ శిక్షణ పొందే కుక్కలలో ఎక్కువ భాగం షెల్టర్ల నుంచి తెచ్చినవే. అంటే యజమానులు వదిలేసినవి, వీధుల్లో దొరికినవి.

ఆ కుక్కకు ఏమి నేర్పుతారు? సైనికుడు పీడకలతో కేకలు వేస్తే ముట్టెతో తట్టి లేపడం. గుండె దడ మొదలైతే ఒడిలో తల పెట్టి, బరువు ఆనించి నెమ్మదింపజేయడం. జనంలో అతని వెనుక ఎవరూ ఆనుకోకుండా అడ్డంగా నిలబడడం. పడిపోయిన వస్తువును అందివ్వడం. ఈ చదువు కొన్ని నెలలు సాగుతుంది. ఆ తర్వాత సైనికుడే వచ్చి మూడు వారాలు కుక్కతో కలిసి నేర్చుకుంటాడు. దెబ్బలతో ఈ చదువు రాదు. చేసిన మంచి పనిని వెంటనే మెచ్చుకోవాలి, మెచ్చుకునే గొంతు మెత్తగా ఉండాలి. ఏళ్ల తరబడి ఎవరితోనూ మెత్తగా మాట్లాడని మనిషి కుక్కకు నేర్పడం కోసం తన గొంతును మార్చుకోవలసి వస్తుంది. నేర్పేవాడు కూడా నేర్చుకుంటున్నాడన్నమాట. ఇది గ్రహించే అమెరికా ప్రభుత్వం 2021లో ఒక చట్టం చేసి, మాజీ సైనికుల చేత కుక్కలకు శిక్షణ ఇప్పించడాన్నే చికిత్సగా పరీక్షించే కార్యక్రమం మొదలుపెట్టింది.

ఫలితం ఉందా? 2024లో అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు 156 మంది సైనికులు, మాజీ సైనికులతో చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. కుక్క దొరికినవారిని, కుక్క కోసం వేచి ఉన్నవారిని పోల్చి చూశారు. మూడు నెలల తర్వాత, కుక్క ఉన్నవారిలో ఆ బాధ తీవ్రత తక్కువగా ఉంది. జబ్బు మాయమైందని వారు చెప్పలేదు. మందులు, డాక్టరు మానేయమనీ చెప్పలేదు. భారం తగ్గిందన్నారు. భారం మోసేవాడికి అది చిన్న మాట కాదు.

ఇదంతా అమెరికా సంగతి, మన కొండలకెందుకు అంటారేమో. మన కొండలకు యుద్ధం రాలేదా? మావోయిస్టులను ఎదిరించడానికి 1989లో మన రాష్ట్ర పోలీసులు ఏర్పాటు చేసిన దళానికి ఒక వేటకుక్క జాతి పేరే పెట్టారు, గ్రేహౌండ్స్ అని. ఆ దళం వారు ప్రయాణిస్తున్న పడవ మీద 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో దాడి జరిగి 38 మంది సిబ్బంది మరణించారు. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమను కాల్చి చంపారు. చనిపోయిన వారికి స్తూపాలు కట్టుకుంటాం, సంతాపం చెప్పుకుంటాం. బ్రతికి వచ్చినవారి సంగతి? తోటివాడు నీళ్లలో మునిగిపోవడం కళ్లారా చూసిన కానిస్టేబులు ఈ రాత్రి ఎలా నిద్రపోతున్నాడు? తుపాకి మోతల నడుమ పెరిగిన గిరిజన బిడ్డ? ఈ లెక్క ఏ కార్యాలయం గోడ మీదా రాసి ఉండదు.

ఇక కుక్కల సంగతి. 2001 నుంచి మన దేశంలో నియమం ఏమిటంటే వీధికుక్కలకు సంతాన నిరోధక ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టిన చోటనే విడిచిపెట్టాలి. విశాఖపట్నంలో 1996లో మొదలైన విశాఖ జంతు సంరక్షణ సంఘం వంటివి ఈ పనిలో శ్రమించాయి. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు మరొక ఆజ్ఞ ఇచ్చింది. బడులు, ఆసుపత్రులు, బస్సు, రైలు స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను పట్టి, ఆపరేషను, టీకా అయ్యాక షెల్టర్లలో ఉంచాలని, తిరిగి అక్కడే వదలరాదని చెప్పింది. కరిచిన గాయాలతో ఆసుపత్రికి వచ్చే పసిపిల్లలను చూసినవారు ఆ ఆందోళనను తేలికగా తీసుకోలేరు. అయితే షెల్టరు అంటే ఏమిటన్న ప్రశ్న ఇక తప్పదు. అది చెత్త పారవేసే చోటా, గోదామా, బడా, ఇల్లా? ఊరకుక్కకు చదువు రాదనుకోవద్దు. 2019లో ఉత్తరాఖండ్ పోలీసులు ఒక వీధికుక్కకు శిక్షణ ఇచ్చి తమ దళంలో చేర్చుకున్నారు.

ఇక్కడ ఒక పెద్దమనిషి నన్ను అడిగిన ప్రశ్నను మీ ముందుంచుతాను. ఆయన ఉపాధ్యాయుడు, వివేకవంతుడు. "ఫాదర్ గారూ, నిండు గర్భిణిని డోలీలో మోసుకుని కొండ దిగే ఊళ్లున్నాయి మనకు. ఇటువంటి చోట కుక్కలకు బడులా?" ఈ ప్రశ్నను నవ్వి తోసివేయరాదు. శ్రీసభ సత్యోపదేశ గ్రంథం కూడా ఇదే హెచ్చరిక చేస్తుంది. జంతువులు దేవుని సృష్టి, వాటి మీద దయ చూపడం మన విధి, వాటిని అనవసరంగా హింసించడం మానవ గౌరవానికే విరుద్ధం అంటుంది. వెనువెంటనే, మనుషుల దుఃఖం తీర్చవలసిన సొమ్మును వాటికోసం ధారపోయడం తగదనీ, మనుషులకు మాత్రమే చెందవలసిన ప్రేమను వాటికి మళ్లించరాదనీ అంటుంది. రెండు వైపులా పదునున్న బోధ ఇది.

ఆ ఉపాధ్యాయునికి నా జవాబు ఇది. సైనికుని చేతి మీద మూతి పెట్టిన కుక్క మనిషి సొమ్ము తినడం లేదు, మనిషిని నిలబెడుతోంది. గర్భిణికి రోడ్డు కావాలి, నిజమే. రోడ్డు రాకపోవడానికి కారణం కుక్కకు పెట్టిన గంజి కాదు. మన కొండల్లో దయ, న్యాయం ఒకే చోట కలిసే పని ఒకటుంది, రేబిస్ టీకా. కుక్కకు టీకా వేస్తే బిడ్డ కూడా బ్రతుకుతుంది. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక ప్రాణం నిలవడం దాదాపు అసాధ్యం. కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పోసే నీటితో కడిగి, పసరు మందులకు పోకుండా ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. ప్రతి ఏటా జూలై 6న పశుసంవర్ధక శాఖవారు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. మన యువకులు కుక్కలను తాళ్లు కట్టి తీసుకువెళ్లడానికి ఒక పూట చాలు.

అయితే, పాఠకులారా, నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇది కాదు. అది మరొకటి. కుక్కను మనం ఎందుకు కాపాడుతున్నాం? పనికివస్తుందనా?

షెల్టరుకు వెళ్లి కుక్కలను ఎంచేవారు పరీక్షలు పెడతారు. గట్టి చప్పుడుకు బెదురుతుందా, తిండి దగ్గర కరుస్తుందా, మనిషి కోసం చూస్తుందా, తుంటి ఎముకలు గట్టిగా ఉన్నాయా అని చూస్తారు. చూడాలి కూడా. ఒక మనిషి ప్రాణం ఆనుకునే కుక్క అది. చాలా కుక్కలు ఈ పరీక్షలో ఆగిపోతాయి. ముసలిది, కుంటిది, దెబ్బలు తిని మనిషిని నమ్మడం మానేసినది ఆగిపోతాయి. నెగ్గిన కుక్క ఫొటో పత్రికలో పడుతుంది. ఓడిన కుక్క గదిలోనే ఉండిపోతుంది. దాని విలువ ఎంత?

అక్వినాసు తోమాసువారు జంతువుల పట్ల క్రూరత్వం కూడదన్నారు. దానికి వారు చూపిన ప్రధాన కారణం, పశువును హింసించే చెయ్యి రేపు మనిషిని హింసిస్తుందని. కాంట్ కూడా దాదాపు ఆ దారినే నడిచాడు. ఏళ్ల తరబడి సేవ చేసిన కుక్కను ముసలితనంలో యజమాని చచ్చేవరకు పోషించాలి, కాల్చి పారవేయకూడదు అన్నాడు. మంచి మాట. ఈ మాటనైనా మనం పాటించామా? మన సైన్యంలో పనికి అనర్హమైన కుక్కలను మందిచ్చి చంపే పద్ధతి ఉన్నదని 2015లో సమాచార హక్కు కింద బయటపడింది. బాంబులు వాసన పట్టి ఎందరి ప్రాణాలో నిలిపిన కుక్కలవి. ప్రజలు బాధపడ్డారు, విషయం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, ఆ పద్ధతి మారింది. మీరట్‌లో వాటికి విశ్రాంతి నివాసం ఉంది. కావాలన్నవారికి పెంచుకోవడానికి ఇస్తున్నారు.

కాని కాంట్ మాటలోనూ ఒక వెలితి ఉంది. సేవ చేసిన కుక్కకు ప్రతిఫలం అన్నాడు. సేవ చేసే అవకాశమే దొరకని కుక్క సంగతి? ఈ ప్రశ్నకు మరొక తత్వవేత్త తన బ్రతుకులోని సంఘటనతో ఒక వెలుగు చూపాడు. ఇమ్మాన్యుయేల్ లెవినాస్ యూదుడు, ఫ్రెంచి సైనికుడు. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనుల చేతికి చిక్కి ఖైదీల శిబిరంలో అడవి పని చేశాడు. దారిన పోయే స్త్రీలు, పిల్లలు ఆ ఖైదీలను మనుషులుగా చూడడం మానేశారు. ఒకనాడు ఎక్కడినుంచో ఒక దిక్కులేని కుక్క శిబిరానికి వచ్చింది. దానికి బాబీ అని పేరు పెట్టుకున్నారు. ఉదయం వరుసలో నిలబడినప్పుడు, సాయంత్రం పనినుంచి తిరిగివచ్చినప్పుడు అది ఎగిరి గంతులేసి వారిని పలకరించేది. దాని లెక్కలో వారు మనుషులే, అందులో సందేహం లేదు. కొన్ని వారాలకే కావలివారు దానిని తరిమివేశారు. 1975లో, అంటే ఎన్నో ఏళ్ల తర్వాత, లెవినాస్ దానిని తలచుకుని వ్యాసం రాశాడు.

బాబీ ఎవరికి పనికివచ్చింది? తలుపు తెరవలేదు, రొట్టె తేలేదు, దారి చూపలేదు. గుర్తుపట్టింది, అంతే. మనుషులు మనుషులను గుర్తుపట్టలేని చోట గుర్తుపట్టింది.

ఇప్పుడు మా జవాను బాధ నాకు కొంత అర్థమవుతోంది. యుద్ధం మనిషిని పనిముట్టుగా చేస్తుంది. పని అయ్యాక పనిముట్టును మూలన పడేస్తారు. "నేను ఇక దేనికీ పనికిరాను" అన్న ఆలోచనే ఆ గాయంలోని విషం. కుక్క అతనిని పింఛను ఎంత అని అడగదు, పతకాలు చూపించమనదు, "ఇంకా తేరుకోలేదా" అని విసుక్కోదు. పనికివస్తాడా లేదా అన్న లెక్క వేయకుండా పక్కన పడుకుంటుంది. కుక్కలోని వైద్యమంతా ఇక్కడే ఉంది. శిక్షణ దీనికి క్రమం నేర్పగలదు, దీనిని పుట్టించలేదు. అటువంటప్పుడు పనికివచ్చే కుక్కలనే ఏరుకుని మిగిలినవాటిని చావుకు వదిలేస్తే ఏమవుతుంది? ఏ లెక్క వల్ల సైనికుడు కుంగిపోయాడో ఆ లెక్కనే కుక్క మీద ప్రయోగించినవారమవుతాం. రేపు అదే లెక్క మంచాన పడిన ముసలితల్లి మీదికి, బుద్ధిమాంద్యం గల బిడ్డ మీదికి తిరుగుతుంది. కాబట్టి షెల్టరు ముందు ఇల్లు కావాలి, ఆ తర్వాతే బడి కావాలి. చదువు వచ్చిన కుక్కను సైనికునికి ఇద్దాం. రానిదానికి గంజి పోద్దాం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. సైనికుని చేతికి కుక్క తాడు ఇచ్చి మనం తప్పుకోకూడదు. కుక్క వెళ్లగలిగింది, భార్య వెళ్లలేకపోయింది, గురువైన నేను అసలు వెళ్లనేలేదు. కుక్క మన స్థానంలోకి వచ్చిందంటే ఆ స్థానం ఖాళీగా ఉందన్నమాట. ఆ ఇంటి అరుగు మీద కూర్చోవడానికి, ఎంతమందిని చంపావని అడగకుండా వినడానికి మనం వెళ్లాలి. ఆసుపత్రికి వెళ్లేనాడు తోడు వెళ్లాలి.

పరిశుద్ధ గ్రంథంలో తోబీతు గ్రంథాన్ని మీరు చదివి ఉంటారు. తోబీతు దిక్కులేని శవాలను పాతిపెట్టిన పుణ్యాత్ముడు. కన్నులు పోయి, తన బ్రతుకు వృథా అని కుమిలి, చావును కోరుకున్నాడు. కుమారుడు తోబియా దూరదేశం బయలుదేరినప్పుడు వెంట రఫాయేలు దేవదూత నడిచాడు. వారి వెనుక ఒక కుక్క నడిచింది. తిరిగివచ్చేటప్పుడు కూడా నడిచింది. దారిలో చేపను పట్టింది తోబియా, మందు చెప్పింది దేవదూత, తండ్రి కన్నులకు దానిని పూసింది కుమారుడు. కుక్క ఏ పనీ చేయలేదు. కథలోనుంచి దానిని తీసేసినా కథ ఆగదు. అయినా గ్రంథకర్త దానిని మరువలేదు. రెండుసార్లు పేర్కొన్నాడు. మన మహాభారతంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిన కుక్క కూడా ఏ పనీ చేయలేదు. దానిని వదిలి స్వర్గానికి రానన్నాడాయన. వెంట నడవడమే చాలునని ఈ రెండు కథలు రాసినవారికి తెలుసు.

ఆ జవాను మళ్లీ వస్తున్నాడు. ఇప్పటికీ గోడకు ఆనుకునే నిలబడతాడు. గుమ్మం పక్కన ఉపదేశి ఒక గోనెపట్టా పరచి ఉంచాడు, నేను చెప్పకుండానే. అప్పుడప్పుడూ నా ప్రసంగం సాగినప్పుడు కుక్క ఆవులిస్తుంది. దానిని చూసి ముందు వరుసలోని పిల్లలు నవ్వుతారు. మొన్న జవాను కూడా నవ్వాడు.